మధురవాణి ఎనిమిదో పేజీలో వచ్చింది

పరీక్షల కాలం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సంధులూ సమాసాలూ వెనక్కిపోతాయి. ఈసారి కట్టలోంచి నాలుగు తీశాను. మొదటిదే చోటంతా తినేసింది. మిగతా ముగ్గురూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. నాకు 29 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. పగలు అంగన్‌వాడీలో పని, రాత్రి చదువు. దూరవిద్యలో ఎమ్మే తెలుగు రాస్తున్నాను. కన్యాశుల్కం మూడుసార్లు చదివాను, సగం డైలాగులు నోటికి వచ్చు. పరీక్షలో ‘కన్యాశుల్కం కథాగమనంలో మధురవాణి పాత్రను పరిశీలించండి’ అని 20 మార్కులకు పడింది. సంబరపడిపోయి పదకొండు పేజీలు రాశాను. ఎనిమిది మార్కులు వేశారు. జవాబు పత్రం జిరాక్సు తెప్పించుకున్నాను, మీకూ ఒక కాపీ పంపుతున్నాను. ప్లాన్ వేసుకుని రాయాలని అందరూ అంటారు. ఎలా వేయాలో మాత్రం ఎవరూ చూపించరు. మూడు గంటల్లో అయిదు వ్యాసాలు రాయాలి. అందులో ప్లాన్‌కి టైమ్ ఎక్కడిది?
– పేరు వద్దు, పార్వతీపురం

జవాబు: అమ్మా, నీ కాగితాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి దస్తూరీ చూసి ముచ్చటేసింది. రెండోసారి ఎర్ర పెన్ను తీశాను. ముప్ఫై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పి పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండదు.

మొదటి పేజీలో గురజాడ 1862లో పుట్టాడు. రెండో పేజీలో ఆయన రచనలు. మూడో పేజీలో విజయనగరం సంస్థానం, ఆనందగజపతి మహారాజు. నాలుగో పేజీలో 1892లో జగన్నాథ విలాసినీ సభ వారి ప్రదర్శన, 1897లో తొలి కూర్పు, 1909లో మలి కూర్పు. అయిదు, ఆరు, ఏడు పేజీల నిండా కథ. ఎనిమిదో పేజీ సగానికి వచ్చాక ‘ఇక మధురవాణి విషయానికి వస్తే’ అని మొదలుపెట్టావు. అక్కడి నుంచి నీ అక్షరాలు కుడివైపుకి వాలిపోయాయి. గడియారం చూసి ఉంటావు.

నువ్వు రాసినవాటిలో తప్పు ఒక్కటి కూడా లేదు. తారీకులు సరిగ్గా ఉన్నాయి, పేర్లు సరిగ్గా ఉన్నాయి. కానీ ఇంటికొచ్చిన చుట్టం మంచినీళ్లు అడిగితే నుయ్యి ఎవరు తవ్వించారో, ఎన్ని మూరల లోతో, గిలక ఎక్కడ కొన్నారో చెప్పి, ఆఖర్న అరగ్లాసు నీళ్లు చేతిలో పెట్టినట్టుంది. దిద్దినవారు ఆ అరగ్లాసుకి మార్కులు వేశారు. నిజం చెప్పాలంటే ఎనిమిది ఎక్కువే. దస్తూరీకి ఒకటి కలిసినట్టుంది.

నిన్ను అనడానికి నాకు నోరు రాదులే. నేను 1979లో ఎమ్మే రాస్తూ చేసిన పని కూడా ఇదే. ‘మనుచరిత్రలో ప్రవరుని పాత్ర’ అని ప్రశ్న. అష్టదిగ్గజాల్లో నాకు తెలిసినవారందరి పేర్లూ రాశాను. భువనవిజయం రాశాను. పెద్దన కాలికి రాయలవారు గండపెండేరం తొడిగారు అని రాశాను. సిద్ధుడు వచ్చాడు, పసరు ఇచ్చాడు, ప్రవరుడు హిమాలయాలకు వెళ్లాడు, మంచుకి పసరు కరిగిపోయింది… బెల్లు కొట్టేశారు. వరూధిని కంట పడకుండానే ప్రవరుణ్ణి ఆ మంచులో వదిలేసి పేపరు ఇచ్చి వచ్చాను. పెద్దన పుస్తకంలో ఆయన అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. నా పేపర్లో ఇంకా అక్కడే ఉన్నాడు.

ఇక నీ ప్రశ్న దగ్గరికి వద్దాం. అందులో ‘కథాగమనంలో’ అనే ఒక్క మాట నువ్వు చూడలేదు. చూసి ఉంటే మధురవాణి అందం, తెలివి, పాట, మాటకారితనం అన్నీ వరసగా రాసేదానివి కాదు. కథ కదిలిందా, ఎవరు కదిపారు, ఆమె లేకపోతే ఎక్కడ ఆగిపోయేది, అడిగింది ఇదీ. ప్రశ్నలో ప్రతి మాటా డబ్బు పెట్టి కొన్నట్టు చదవాలి. చివరి క్రియ కూడా చూడాలి. ‘వివరించండి’ అంటే చెప్పుకుపోవచ్చు. ‘చర్చించండి’ అంటే అవతలివాడి మాట కూడా ఒకటి వినిపించాలి. ‘పరిశీలించండి’ ఈ రెంటికీ మధ్య. సందేహం ఉంటే చర్చించండి అన్నట్టే రాసెయ్, నష్టం లేదు.

ఇప్పుడు నేనే ఆ హాల్లో కూర్చున్నాననుకో. గడియారం పెట్టుకుని ఆరు నిమిషాల్లో ఒక తారీకు చీటీ వెనక రాశాను. గోడకి తగిలించి రోజుకొకటి చింపుతామే, ఆ క్యాలెండర్ చీటీ. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను:

మాట – ముగ్గుర్ని తప్పించింది సాని. సంస్కర్త కాదు.
సుబ్బి – దొంగపెళ్లి – కరటక శా. – కంటె
లుబ్ధా. – ఖూనీ కేసు – మగవేషం
బుచ్చ. – గిరీశం గుట్టు – (1వ అంకం మంచం)
కానీ – ఎత్తు శాస్త్రిది కదా?
97/09 – పెంచాడు
ఆఖరు – డామిట్
వద్దు – జీవితం, సంస్థానం, 1892, కథ మొత్తం

ఇంతే. పొట్టి మాటలు, సగం పేర్లు. ఇంకెవరికీ అర్థం కానక్కర్లేదు. ఇవాళ్టి పిల్లలు కొందరు ప్లాన్ పేరుతో సగం వ్యాసం రఫ్ పేజీలో రాసేసి, అదే మళ్లీ ఫెయిర్ చేస్తారు. అది పనికి పని, టైముకి టైము దండగ.

మొదటి లైను చూడు. అది ప్రశ్నకి నా జవాబు, ఒక్క ముక్కలో. నాటకంలో ముగ్గురికి గండం ఉంది. ముక్కుపచ్చలారని సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి కట్టబెట్టబోతున్నారు. ఆమె బదులు కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆయనకి కట్టబెట్టాడు. ఆ దొంగ పెళ్లికూతురు మాయమయ్యాక, చంపాడని అదే లుబ్ధావధాన్లు కేసులో ఇరుక్కున్నాడు. వితంతువు బుచ్చమ్మ గిరీశం మాటల్లో పడి ఇల్లు విడిచింది. ఈ మూడు ముళ్లూ విడిపోవడంలో మధురవాణి చెయ్యి ఉంది. సంస్కర్త సౌజన్యారావు పంతులు గొప్పవాడే, కాని సానివాళ్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆయనకు అసలు సంగతి తెలియాలంటే ఆ సానే మగవేషం వేసుకుని ఆయన ఇంటికి వెళ్లాల్సివచ్చింది. ఈ ఒక్క మాట దొరికాక మిగతా వ్యాసం దాని వెనకాలే నడుస్తుంది. దొరక్కపోతే మాత్రం పెన్ను పేపరు మీద పెట్టకు, ఇంకో నిమిషం కూర్చో. పక్క బెంచీవాళ్లు అడిషనల్ షీట్లు అడుగుతుంటారు. అడగనీ. ఆ కేకలు విని బెదిరి కలం పరిగెత్తించే పిల్లల్ని నేను ఇన్విజిలేషన్‌లో ఎంతమందిని చూశానో.

రెండు, మూడు, నాలుగు లైన్లు ఆ ముగ్గురూ. ఒక్కొక్కరికి ఒక్కో పేరా, ఒక్కో పేరాకి నాటకంలోంచి ఒక్క సంఘటన. సుబ్బి దగ్గర నాకు కంటె కావాలి. మధురవాణిని ఉంచుకున్న రామప్పపంతులు దొంగ పెళ్లికూతురి కోసం ఆమె కంటె అడిగి పట్టుకెళ్లాడు. తర్వాత ఆమె అదే కంటె పేరు చెప్పి ఆయన్ని ఉక్కిరిబిక్కిరి చేసి గుమ్మం బయటికి నెట్టింది. కంటె తెచ్చేదాకా గడప తొక్కొద్దంది. చిన్న నగ. దాని చుట్టూ ఎంత కథ నడిచిందో రాస్తే, ‘మధురవాణి చాలా తెలివైనది’ అని విడిగా రాయక్కర్లేదు.

నాలుగో లైనులో బ్రాకెట్టు ఎందుకు పెట్టానో చెబుతాను. విజయనగరంలో మధురవాణి ఇంట్లో మంచం కింద మగాళ్లు దూరే సీను మొదటి అంకంలోది. నువ్వు దాన్ని కథ చెబుతూ అయిదో పేజీలో రాశావు. అక్కడ అది నవ్వులాట. నేను బుచ్చమ్మ పేరాలోకి తెచ్చుకున్నాను. గిరీశం ఎలాంటివాడో మధురవాణికి మొదటి అంకంలోనే తెలుసు. ఆ తెలిసిందే చివరి అంకంలో సౌజన్యారావు ఎదుట పనికొచ్చింది. అంకాల వరస నాటకానిది, వ్యాసానికి దాని వరస దానికి ఉంటుంది. కథ చెప్పడం మొదలుపెడితే ఈ వరస మన చేతిలో ఉండదు. గురజాడ ఎటు తీసుకెళ్తే అటు పోతాం, ఏడు అంకాలూ తిరగాలి.

‘కానీ’ అన్న లైను అందరూ మర్చిపోతారు. దిద్దేవారి మనసులో వచ్చే ప్రశ్న అది. శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకి అంటగట్టే ఎత్తు కరటక శాస్త్రిది కదా, మధురవాణికి ఎందుకు కట్టబెడతావు అని అడుగుతారు. మనమే ముందు అడిగేసుకోవాలి. ఎత్తు ఆయనదే. కాని అగ్రహారంలో రామప్పపంతుల్ని ఆడించే చెయ్యి లేకపోతే అది పారేది కాదు. పైగా వేషం వేయించిన శాస్త్రి కేసు వచ్చేసరికి ఏ పక్కన ఉన్నాడు, సౌజన్యారావు గుమ్మం ఎవరు ఎక్కారు? ఇది అయిదారు వాక్యాలు. ఎక్కువ వద్దు.

ఇక 97/09. ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన లైను. నువ్వు నాలుగో పేజీలో ఈ రెండు సంవత్సరాలూ రాశావు, వాటికి ఒక్క మార్కూ వచ్చి ఉండదు. అవే తెచ్చి మధురవాణి పక్కన పెట్టు. 1897 నాటి నాటకాన్ని గురజాడ 1909కి దాదాపు తిరగరాశాడు. ఆ తిరగరాయడంలో మధురవాణి పాత్ర పెరిగింది. అంటే కథకి ఆమె అవసరం ఎంతో రచయితే పన్నెండేళ్ల తర్వాత తేల్చుకున్నాడన్నమాట. సంవత్సరాలు అవే. అక్కడ ఉంటే క్యాలెండరు, ఇక్కడ ఉంటే సాక్ష్యం.

‘ఆఖరు – డామిట్’ అంటే నీకు చెప్పక్కర్లేదు. ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అని గిరీశం అంటాడు, తెర పడుతుంది. కథాగమనం అడిగిన ప్రశ్నకి ఇంతకంటే మంచి ముగింపు నీకూ నాకూ ఎవరు ఇస్తారు? అడ్డంగా తిప్పింది ఎవరో ఒక్క వాక్యం రాసి పెన్ను మూసెయ్. ‘ఈ విధంగా మధురవాణి పాత్ర సజీవంగా చిత్రింపబడింది’ లాంటి వాక్యం రాయకు. ఒక కట్టలో పది పేపర్లకి ఆ వాక్యమే ఉంటుంది.

చివరి లైను, ‘వద్దు’. రాయడం అన్నిటికంటే కష్టం అది. రాత్రిళ్లు పిల్లల్ని పడుకోబెట్టి చదివినది, నోటికి వచ్చినది, రాయకూడదు అని మనమే రాసుకోవాలి. మనసొప్పదు. అందుకే కాగితం మీద పెట్టమంటున్నాను. మనసులో వద్దనుకున్నది చెయ్యి రాసేస్తుంది. కాగితం మీద వద్దని ఉంటే, కన్ను అటు పడి ఆగుతుంది. గురజాడ పుట్టిన సంవత్సరం తెలుసని చూపించుకోవాలని మరీ ఉంటే, మొదటి వాక్యంలో పేరు పక్కన కుండలీకరణాల్లో పెట్టు. దానికి పేజీ ఎందుకు?

టైము సంగతి. 180 నిమిషాలు, అయిదు వ్యాసాలు, ఒక్కోదానికి 36. అందులో ఆరు ప్లాన్‌కి, ఇరవై ఏడు రాయడానికి, మూడు మళ్లీ చదువుకోవడానికి. నీ దస్తూరీ వేగానికి ఇరవై ఏడు నిమిషాల్లో అయిదు, అయిదున్నర పేజీలు వస్తాయి. చాలు. పదకొండు పేజీలు రాసినందుకు ఏమైందో నీ జిరాక్సులోనే ఉంది. అయిదో ప్రశ్నకి పేజీన్నర, మూడు మార్కులు. మధురవాణి వ్యాసం దగ్గర పోయినవాటికంటే అక్కడ పోయినవే ఎక్కువ.

ఇంకో మాట. ప్రశ్నపత్రం చేతికి రాగానే అయిదింటికీ ‘మాట’ లైను ఒక్కటి రాసి పెట్టుకో. మిగతా లైన్లు ఏ ప్రశ్నవి ఆ ప్రశ్న దగ్గర. మొదటిది రాస్తుంటే నాలుగోదానికి సంబంధించిన పద్యపాదం గుర్తొస్తుంది, అది ఎప్పుడూ అలాగే వస్తుంది. దాన్ని అక్కడ పడేసి మళ్లీ పనిలో పడొచ్చు. లేకపోతే మర్చిపోతానేమోనన్న టెన్షన్ ఒకటి వ్యాసం పొడుగునా వెంటపడుతుంది.

ఇంట్లో ప్రాక్టీసుకి మొత్తం వ్యాసాలు రాయకు. నీకు అంత తీరిక లేదు. కుక్కర్ పెట్టి ఫోన్లో ఆరు నిమిషాలు అలారం పెట్టుకో, ఒక తారీకు చీటీ తీసుకో, ఒక ప్రశ్నకి ప్లాన్ రాయి. చీటీ దాటిందంటే ఎక్కువ రాస్తున్నావని లెక్క. వారానికి ఒక్క ప్లాన్‌ని మాత్రం పూర్తి వ్యాసం చెయ్. విజయనగరం ఎప్పుడైనా వెళ్లినప్పుడు బొంకులదిబ్బ దగ్గర ఒక్క నిమిషం ఆగు. నాటకం మొదలయ్యేది అక్కడే. దానికి మార్కులు రావు, ఊరికే.

ప్రశ్న: అయ్యా/అమ్మా, నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. పిల్లలకు ప్లాన్ వేసుకోమని చెప్పడం మానేశాను. స్పాట్ వాల్యుయేషన్‌లో ఎవరు చదువుతున్నారు? పేజీలు కొలిచి, సైడ్ హెడింగులు చూసి మార్కులు వేస్తున్నారు. అలాంటప్పుడు నిండా రాసి రంగు పెన్నుతో గీతలు కొట్టుకోమనడమే న్యాయం కదా?
– ఒక లెక్చరర్, తెనాలి

జవాబు: మాస్టారూ, అమ్మనే. మీ మాట కాదనను. నేనూ ఆ బల్లల దగ్గర కూర్చున్నదాన్నే. మే నెల, మధ్యాహ్నం భోజనం అయ్యాక, పైన ఫ్యాను తిరుగుతూ కాగితాలు ఎగరగొడుతుంటుంది, ఎదురుగా ఇంకో కట్ట. అలాంటి ఒక మధ్యాహ్నం నేను ఒక పేపరు తిప్పి చూసి, మూడున్నర పేజీలే ఉందని 20కి 9 వేసి పక్కన పెట్టాను. సాయంత్రం చీఫ్ ఎగ్జామినర్ ఆ పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. అందరిలో ఏమీ అనలేదు. ‘మేడమ్, రెండో పేరా చదివారా?’ అన్నారు. చదవలేదు. ఆయన పక్కనే నిలబడి ఉండగా చదివాను. పోతన భాగవతంలో గజేంద్రుడి మాటల్లో నమ్మకం, సందేహం పక్కపక్కనే ఎలా నడుస్తాయో ఆ పిల్లో పిల్లాడో ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ దగ్గర ఆగి రాశారు. ఒక్క పద్యపాదం మీద పేజీ. 16 చేశాను. సిగ్గుతో చేశాను.

కాని మాస్టారూ, హడావుడిగా దిద్దుతారు కాబట్టి ప్లాన్ వద్దంటారేం? హడావుడిగా చదివేవాడి కళ్లు ఎక్కడ పడతాయో మీకు తెలుసు. మొదటి పేరా, ప్రతి పేరాలో మొదటి వాక్యం, చివరి నాలుగు లైన్లు. ప్లాన్ వేసుకున్న పిల్లల పేపర్లో జవాబు సరిగ్గా ఆ చోట్లలోనే ఉంటుంది. వేసుకోని పిల్లల పేపర్లో ఆ చోట్లలో కవి జననం, కవి తల్లిదండ్రులు ఉంటారు. సైడ్ హెడింగులు మీరు పెట్టించండి, నాకేం అభ్యంతరం లేదు. ‘పరిచయం’, ‘పాత్ర చిత్రణ’, ‘ముగింపు’ అని కాకుండా, ‘కంటె కథ’, ‘మగవేషంలో సౌజన్యారావు ఇంటికి’ అని పెట్టించండి. హెడింగులు నాలుగూ చదివితే వ్యాసం తెలిసిపోవాలి. రంగు పెన్నులు మాత్రం వద్దు మాస్టారూ. చాలా పరీక్షల్లో నీలం, నలుపు తప్ప ఒప్పుకోరు, అనవసరంగా పిల్లల పేపరు మీద అనుమానం.

ప్రశ్న: నమస్తే మేడమ్. సివిల్స్ మెయిన్స్‌కి తెలుగు ఆప్షనల్ తీసుకున్నాను. పదిమార్కుల ప్రశ్నలకు కూడా ప్లాన్ వేయాలా? టైమ్ అస్సలు సరిపోవట్లేదు.
– అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: బాబూ, పేపరు 250 మార్కులు, మూడు గంటలు. లెక్క వేసుకుంటే పది మార్కులకి ఏడు నిమిషాలు. అందులో ఆరు నిమిషాల ప్లాన్ అంటే నవ్వుతారు. నీకు కావాల్సింది మూడు మాటలు, ముప్ఫై సెకన్లు.

జాషువా ‘గబ్బిలం’ మొదటి భాగం నీ సిలబస్‌లో ఉంది. జాషువా గబ్బిలాన్నే దూతగా ఎందుకు పంపాడు అని అడిగారనుకో. నేనైతే ఇలా పెట్టుకుంటాను: గుడి, చెవి, మేఘం. గుడి ఏమిటి? కావ్యంలో గోడు చెప్పుకునే అంటరాని మనిషిని గుళ్లోకి రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. చెవి ఏమిటి? పూజారి లేనప్పుడు తలకిందులుగా వేలాడుతూ శివుడి చెవిన తన గోడు వేయమని అడుగుతాడు. మేఘం? కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపింది ప్రియురాలికి, విరహంతో. ఈయన పంపింది దేవుడికి, ఆకలితో, అవమానంతో. మూడు మాటలు మూడు చిన్న పేరాలవుతాయి. జాషువా 1895లో వినుకొండలో పుట్టాడన్నది ఇక్కడ ఎక్కడా ఇమడదు చూడు. అలా ఇమడనిది కనబడిందంటే మూడు మాటలు సరిగ్గా పడ్డాయని నా గుర్తు.

ఇరవై మార్కుల వాటికి మాత్రం రెండు నిమిషాలు పెట్టుకో. అందులో ‘కానీ’ లైను వదలొద్దు. అది ఏమిటో పైన పార్వతీపురం అమ్మాయికి రాశాను, చదువుకో. ఎంత తెలిసినా ఇచ్చిన చోటులోనే రాయాలి కాబట్టి నీకు ‘వద్దు’ లైను కూడా ఆమెకంటే ఎక్కువే కావాలి.

ప్రశ్న: ప్లాన్ ఎక్కడ రాయాలి మేడమ్? తర్వాత కొట్టెయ్యాలా? దిద్దేవాళ్లు చూస్తే నవ్వుతారేమో.
– డిగ్రీ రెండో సంవత్సరం, నల్లగొండ

జవాబు: ప్రశ్నపత్రం మీద రాయకు తల్లీ. హాల్ టికెట్ నంబరు తప్ప ఇంకేమీ రాయకూడదని చాలా పరీక్షల్లో నిబంధన. మా కాలేజీలోనే ఒకమ్మాయి పత్రం వెనక నాలుగు మాటలు గిలుక్కుంటే, స్క్వాడ్‌లో వచ్చినాయన అది చీటీ అనుకుని పట్టుకెళ్లాడు. అది ఆవిడ సొంత ప్లానే అని నమ్మించడానికి నాకు ముప్పావు గంట పట్టింది. అంతసేపూ ఆ అమ్మాయి ఏడుస్తూ రాసింది.

జవాబు పత్రం మొదటి పేజీ మీద సూచనలుంటాయి, ఎవరూ చదవరు, నువ్వు చదువు. రఫ్‌కి చోటు చూపిస్తే అక్కడే రాయి. లేకపోతే చివరి పేజీ తీసుకుని పైన ‘చిత్తు’ అని రాసుకో. పేపరు ఇచ్చేముందు ఆ పేజీకి అడ్డంగా ఒకే గీత గియ్యి. నల్లగా పులమకు, కింద ఏం దాచావో అని అందరూ అక్కడే చూస్తారు. నవ్వుతారేమోనని భయం వద్దు. నేను దిద్దేటప్పుడు ముందు ఆ చివరి పేజీ తిప్పి చూసేదాన్ని. అక్కడ నాలుగు పొట్టి లైన్లు, వాటి మీద ఒక గీత కనిపిస్తే, ఆ పేపరు మధ్యాహ్నం భోజనానికి ముందే దిద్దేదాన్ని.